రెండు రోజుల ఊరికి బకెట్టెడు నీళ్ళు

వియన్నా చూపిస్తానని నెనాద్ పెళ్ళినాడే మాటిచ్చాడు. పదేళ్ళుగా ఆ మాట సోంబోర్ అనే చిన్న ఊళ్ళోని వాళ్ళ వంటిల్లు దాటలేదు. ఈ మే నెలలో ఉన్నట్టుండి టిక్కెట్లు కొన్నానని చెప్పేసరికి, యాస్నాకు సంతోషం కన్నా ముందు అనుమానమే కలిగింది. మొగుడు ఊరు చూపిస్తానంటే అనుమానపడే దాన్ని నేనొక్కదాన్నేనేమో అని తనను తానే తిట్టుకుంది.

ఆదివారం భోజనాలయ్యాక అత్తగారితో కలిసి ముగ్గురూ కాఫీకి కూర్చున్నారు. నెనాద్ చకచకా చెప్పుకుపోతున్నాడు.

"శుక్రవారం రాత్రికి దిగుతాం. శనివారం పొద్దున షోన్‌బ్రున్ కోట. వెనక గేటు నుంచి వెళ్తే జనం ఉండరు. తర్వాత జెయింట్ వీల్. ఆ పక్క సందులో మనవాళ్ళ హోటలుంది, అక్కడ తిందాం."

"ఎప్పుడూ వెళ్ళని ఊళ్ళో సందులు కూడా తెలుసే నీకు!" అంది యాస్నా.

"ఫోన్లో అన్నీ ఉంటాయే పిచ్చిదానా."

"మరి తిరుగు బస్సు? ఆదివారం ఎన్నింటికి?"

"అక్కడికెళ్ళాక చూద్దాంలే," అని కప్పు పట్టుకుని లేచిపోయాడు.

అత్తగారు రుజా అంతసేపూ నోరు విప్పలేదు. రొట్టె కాస్త మాడితే వీధి చివరిదాకా వినిపించే గొంతు అది. ఈ దండగ ఖర్చేమిటని ఒక్క మాటైనా అనలేదు. ఆ మౌనమే యాస్నాను భయపెట్టింది.

బుధవారం అతని బ్యాగులో చొక్కాలు సర్దబోతే అడుగున ఉన్ని కోటు చేతికి తగిలింది. మే నెలలో, రెండు రోజులకు, ఉన్ని కోటు! అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే జవాబు చెప్తాడేమోనని ఆగిపోయింది.

ఊరికి వెళ్ళేవాళ్ళ వెనక నీళ్ళు పొయ్యడం ఆ వైపు అందరికీ ఉన్నదే. ప్రయాణం నీళ్ళలా సాఫీగా సాగి, మనిషి క్షేమంగా తిరిగి రావాలని పోస్తారు. రుజాకు మాత్రం దానికో కొలత ఉంది. కొడుకు పరీక్షకు వెళ్తే గ్లాసుడు, పటాలానికి వెళ్తే జగ్గుడు. బకెట్టెడు పోసింది ఒక్కసారే, మొగుడు పనికోసం జర్మనీ వెళ్ళిన రోజున. ఆయన అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. "నీళ్ళు తక్కువ పడ్డాయి కాబోలు, రుజా!" అని వీధిలో వాళ్ళు ఏళ్ళ తరబడి ఎకసెక్కాలాడారు.

శుక్రవారం మధ్యాహ్నం యాస్నా బ్యాగు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. వాకిట్లో కుళాయి కింద బకెట్టు నిండుతోంది.

"రెండు రోజులకు బకెట్టెందుకత్తయ్యా?"

రుజా తలెత్తలేదు. నీళ్ళు పొర్లి ఆమె చెప్పులు తడిసిపోతున్నాయి.

"వాడు అక్కడే ఉండిపోతాడటమ్మా," అంది. "అక్కడికెళ్ళాక నీకు చెప్తానన్నాడు. నన్ను నోరెత్తొద్దన్నాడు. కన్నకొడుకైపోయె, ఏం చెయ్యను?"

యాస్నా తలుపు పట్టుకుని నిలబడింది. పరాయి ఊళ్ళో, తనను జెయింట్ వీల్ దింపి, చేతిలో టిక్కెట్టు పెట్టి పంపేద్దామనుకున్నాడన్నమాట. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

"పద పద, బస్సు వెళ్ళిపోతుంది," అంటూ నెనాద్ బయటికి వచ్చాడు.

"ఆదివారం బస్సు ఎన్నింటికి, నెనాద్?"

అతను తల్లి వంక చూశాడు. బకెట్టు వంక చూశాడు. బ్యాగు భుజాన వేసుకుని, తల వంచుకుని గేటు వైపు నడిచాడు.

యాస్నా తన బ్యాగును గుమ్మం లోపలికి తోసేసింది. రుజా బకెట్టు ఎత్తబోయింది కానీ బరువు మొయ్యలేక కింద పెట్టేసింది. యాస్నా మెట్లు దిగి వచ్చి రెండో పక్క పట్టుకుంది.

"ఎత్తండత్తయ్యా," అంది. "చుక్క మిగల్చకుండా పోద్దాం. ఈసారి తక్కువ పడ్డాయని మిమ్మల్ని ఎవరూ అనకూడదు."