సత్తెమ్మగారి దొడ్డి మీదుగా రైలు

మా ఆయన కట్టిన రైలు చూసి ఊళ్లో అందరూ నవ్వుకుంటూ వెళ్లారు, ఒక్క సత్తెమ్మగారు తప్ప.

అవి దసరా రోజులు. ఏటా లాగే ముందు గదిలో బొమ్మల కొలువు పెట్టాను. మెట్ల మీద నా బొమ్మలు, వాటి పక్కన గది పొడవునా బల్ల వేసి, దాని మీద ఆయన రైలు. మా ఆయన్ని ఊళ్లో నాగరాజుగారంటారు. అమలాపురం రోడ్డు మీద మోటార్లకి వైండింగు చేసే షాపు ఉంది మాకు. కాలిపోయిన పంపుసెట్లకి తీగ చుట్టగా మిగిలిన సమయమంతా ఆయన ఈ రైలుకే పెట్టేవారు. సైకిలు చక్రాల ఊచలు సాపు చేసి పట్టాలు వేశారు. కొబ్బరి ఈనెలు తుంచి పట్టాల కింద అడ్డంగా పరిచారు. పాలపొడి డబ్బా రేకుతో పెట్టెలు, పాత టేపురికార్డరులోంచి తీసిన చిన్న మోటారుతో ఇంజను. మీట తిప్పితే నెమ్మదిగా బయల్దేరి, ఇంకాస్త తిప్పితే జోరందుకునేది. యాభై ఏళ్ల మనిషి బల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని దాన్ని చూస్తుంటే నాకు ముచ్చటగానే ఉండేది.

కోనసీమలో రైలు లేదు. రైలెక్కాలంటే గోదావరి దాటి పోవలసిందే. లైను వస్తుందని మా అత్తగారి చిన్నప్పటి నుంచీ చెప్పుకుంటున్నారట. రెండు వేల సంవత్సరం దాటాక ఆ మాట మళ్లీ గట్టిగా వినబడసాగింది. సర్వే వాళ్లు తిరుగుతున్నారని, పక్క మండలంలో రాళ్లు పాతుతున్నారని అనుకున్నారు. అది వచ్చేలోపల మా ఆయన బల్ల మీద వేసేశారు. గౌతమి మీద ఒక వంతెన, అమలాపురం స్టేషను, తరవాత మా ఊరు, రాజోలు, చివర నరసాపురం.

మా ఊరి దగ్గరికి వచ్చేసరికి ఆయనకి మమకారం ఎక్కువైంది. పంటకాలవ, రేవు మెట్లు, రైసుమిల్లు గొట్టం, అన్నీ పెట్టారు. కాలవకి అవతల సత్తెమ్మగారి పెంకుటిల్లు పెట్టారు. ఆ దొడ్లో ఆమె భర్త దానంగారి సమాధి ఉంది. దాని మీది తెల్ల సిలువని కూడా అగ్గిపుల్లతో చేసి నిలబెట్టారు. దానంగారంటే ఆయనకి అంత ఇష్టం. ఊళ్లోవాళ్ల చెట్లెక్కి కాయలు దింపుతూ బతికిన మనిషి దానంగారు. వాళ్ల వంశంలో సొంతంగా కొన్న మొదటి నేల ఆ కాస్త దొడ్డి. అందుకే పోయేముందు, నన్ను చర్చి సమాధుల దొడ్డికి తీసుకుపోవద్దు, నా నేలలోనే పెట్టండి అని అడిగాడు. అలాగే పెట్టారు.

బల్ల మీద పట్టాలు ఆ సిలువని రాసుకుంటూ పోయాయి. నిజం చెప్పాలంటే సమాధి మీంచే పోయాయి. జానెడు చోటులో ఊరంతా ఇమిడ్చితే అలాగే ఉంటుంది.

పేరంటానికి పిలిచినప్పుడు సత్తెమ్మగారిని, కోడలు కృపావతిని కూడా పిలుస్తాను. దేవుడికి నైవేద్యం పెట్టినవి వాళ్లు తినరు కాబట్టి, పెట్టకముందే గిన్నెడు శనగలు వాళ్లకి వేరుగా తీసి ఉంచుతాను. సత్తెమ్మగారు అది చూసి, మా వీరవేణిగారు మర్చిపోరండీ అని నన్ను నలుగురిలో మెచ్చుకునేది. ఆ ఏడు ఆ గిన్నె ముట్టలేదు. రైలు దగ్గర నిలబడింది. మా ఆయన మీట తిప్పారు. ఇంజను పెట్టెల్ని లాక్కుంటూ అగ్గిపుల్ల సిలువ మీదుగా గడగడా పోయింది. సిలువ పడిపోయింది. పిల్లలు నవ్వారు. మా ఆయన మళ్లీ దాన్ని నిలబెట్టారు. ఆమె నా వంక చూసి, వెళ్లొస్తానమ్మా అని మాత్రం అంది.

నాలుగు రోజుల తరవాత రేవులో కృపావతి చెప్పింది. అత్తగారు సీమోనుని పిలిపించిందట. సీమోను సమాధులు తవ్వే మనిషి. శనివారం పొద్దున్న దానంగారి ఎముకలు తీయించి, పాస్టరుగారి చేత ప్రార్థన చేయించి, చర్చి సమాధుల దొడ్లో పెట్టిస్తుందట. కొత్తపేటలో టీచరుగా చేస్తున్న కొడుకు వరప్రసాదం ఎంత చెప్పినా వినలేదట. మిషన్లు వచ్చి బయటికి విసిరెయ్యకముందే నా చేతుల్తో నేనే తీసుకుంటానంటోందట.

"మిషన్లేమిటమ్మా?" అన్నాను.

"మీ ఇంట్లో చూసింది కదక్కా. లైను మా మావగారి మీంచే వేసేరంట కదా."

బిందె మెట్టు మీద దించాను. అప్పుడు నాకు సర్వే జీపు గుర్తొచ్చింది. వేసవిలో ఆ జీపు డైనమో పాడైతే వాళ్లు మా షాపుకే తెచ్చారు. బాగయ్యేలోపల మా ఇంట్లో టీ తాగి, రైలు చూసి, భలే ఉందండీ అని మెచ్చుకుని పోయారు. ఊరు దాన్ని ఇంకోలా చెప్పుకుంది. నాగరాజుగారు అసలు ప్లాను చూసే వేశారని, లేకపోతే సర్వే వాళ్లకి ఆ ఇంట్లో పనేమిటని. భీమరాజుగారైతే చావడి దగ్గర నన్ను ఆపి, "ఏమ్మా, మా చెరువు గట్టు మీదో స్టేషను పెట్టించమని మీ ఆయనతో చెప్పు. టీ కొట్టు పెట్టుకుంటాను," అన్నారు. ఆయనకి ఎకరాలకెకరాలున్నాయి, కాస్త పోయినా నవ్వగలరు.

మా ఆయన వినగానే చొక్కా తొడుక్కుని కాలవ దాటి వెళ్లారు. నేనూ వెనకే వెళ్లాను. సత్తెమ్మగారు అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది.

"సత్తెమ్మగారూ, అది ఆటబొమ్మండీ. నాకెవరూ ఏమీ చెప్పలేదండీ. నేనే నాకు తోచినట్టు వేసుకున్నానండీ."

"ఆయ్," అందామె. "మీరు చెప్పకూడదులెండి బాబూ. పైవాళ్లు మీ దగ్గర మాట తీసుకునుంటారు. మీకు మాట రానివ్వనండి."

"మాటా లేదు, ఏమీ లేదండీ."

"అలాగేనండీ," అంది ఆమె ఎంతో మర్యాదగా, చేట వంకే చూస్తూ.

ఎంత కాదంటే అంత నమ్మింది. మా వైపు మనుషులకి ఒక అలవాటుంది. పెద్ద విషయం తెలిసినవాడు తెలియదనే అంటాడని మా లెక్క. పెళ్లి సంబంధమైనా, ఉద్యోగమైనా, కుదిరేదాకా కుదరలేదనే చెబుతాం. మరి ఆయన కాదంటే ఆమె ఎలా నమ్ముతుంది?

ఇంటికొచ్చి ఆయన పట్టాలు పీకెయ్యబోయారు. అప్పటికే రెండు ఊచలు ఊడదీశారు. వీధిలోంచి ఎవరో చూశారు. సాయంత్రానికల్లా, నాగరాజుగారు ప్లాను దాచేస్తున్నారు, పైనుంచి ఆర్డరు వచ్చిందట అన్నారు. దాంతో ఆయన చేతులు ఆగిపోయాయి. ఉంచితే ఒక తప్పు, తీస్తే ఇంకొక తప్పు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయారు. షాపులో ఒక మోటారుకి తీగ తిరగేసి చుట్టి మళ్లీ విప్పారు. ఆయన చేతిపని తప్పడం నేనెప్పుడూ చూడలేదు.

నాకూ నిద్ర సరిగ్గా లేదు. చనిపోయిన మనిషి తన నేలలో పడుకుని ఉన్నాడు. నా కొలువు బొమ్మల పక్కన ఆడిన ఒక ఆట చూసి అతన్ని లేపబోతున్నారు. నవరాత్రుల్లో అమ్మవారి ముందు పెట్టినదాని వల్ల ఇలా జరగొచ్చా? ఆమె దేవుడు వేరు, నా దేవుడు వేరు అంటాం కానీ, ఆ సమాధి ముందు నేనూ ఎన్నోసార్లు ఆగి దణ్ణం పెట్టాను. అమ్మా, దీనికి దారి నువ్వే చూపించు అని అడిగాను. అడిగి ఊరుకున్నాను, ఇంకేం చెయ్యాలో తెలియక.

శుక్రవారం పూజకి కూర్చున్నాను. మా దేవుడి గూడు ముందు గదిలోనే, తూర్పు గోడలో ఉంటుంది. దాని ముందు నా పీట. కొలువు తీసేసినా రైలు బల్ల అక్కడే ఉంది. లేవబోతుంటే మోచేయి బల్ల అంచుకి తగిలింది. ఆ అంచు దగ్గరే పట్టాలు వంపు తిరుగుతున్నాయి. నేరుగా వస్తున్న లైను కాలవ దగ్గరికి రాగానే గభాలున పక్కకి తిరిగి, కాలవ దాటి, సత్తెమ్మగారి దొడ్డి తొక్కుకుంటూ పోయింది. ఎందుకు తిరిగింది? నేరుగా పోతే గూటి కిందకి వచ్చేస్తుంది కనుక. బల్ల తెచ్చిన రోజున ఆయన దాన్ని గోడ దాకా వేద్దామన్నారు. అమ్మవారి కింద చక్రాలు తిరగడమేమిటండీ, నా పీటకి చోటేదీ అన్నాను నేను. ఆయన వెంటనే ఆ మూల రంపంతో కోసేసి, ఊచని వంచారు.

సర్వేవాళ్లూ కాదు, ప్లానూ కాదు. నా పీట.

శనివారం పొద్దున్నే కాలవ దాటి వెళ్లాను. సీమోను అప్పటికే వచ్చి, గునపం గోడకి ఆనించి, చుట్ట కాల్చుకుంటున్నాడు. సత్తెమ్మగారు తెల్లచీర కట్టుకుంది. సమాధి మీద కొత్త దుప్పటి మడతపెట్టి ఉంది, ఎముకలు కట్టడానికి.

"ఒక్కసారి మా ఇంటికి రండి సత్తెమ్మగారూ. తవ్వేముందు ఒక్కసారి."

"ఇప్పుడెందుకమ్మా? మధ్యాహ్నానికి పాస్టరుగారు వచ్చేస్తారు."

"మీ చెయ్యి పట్టుకుని అడుగుతున్నానండీ."

వచ్చింది. సీమోను కూడా వెనకే వచ్చి మా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఇన్నేళ్లలో సత్తెమ్మగారు ఎప్పుడు వచ్చినా కొలువు మెట్ల దాకానే వచ్చేది. గూటి వైపుకి వచ్చేది కాదు, నేనూ రమ్మనలేదు. ఆ రోజు చెయ్యి పట్టి తీసుకొచ్చాను. పీట మీద కూర్చుని చూపించాను.

"నేనిక్కడ కూర్చుంటానండీ. బల్ల ఇక్కడిదాకా వస్తే నాకు చోటుండదు. అందుకని ఆయన మూల కోసేసి లైను వంచేరు. వంచింది గవర్నమెంటు కాదండీ."

ఆమె బల్ల మీదికి వంగింది. కోసిన అంచుని వేలితో తడిమింది. రంపపు గరుకు ఇంకా తెలుస్తోంది.

"మీ పీట కోసమా?"

"నా పీట కోసమేనండీ."

"మరి నేరుగా వేస్తే ఎటు పోద్ది?"

మా ఆయన వంక చూశాను. ఆయన పెరట్లోకి వెళ్లి పాత తలుపు చెక్క తెచ్చారు. నేను పీట తీసి గోడకి నిలబెట్టాను. ఆయన చెక్కని గూటి కిందకి తోసి బల్లకి ఆనించారు. కటింగు ప్లేరు తీసి వంపు దగ్గర మేకులు పీకుతుంటే సత్తెమ్మగారు ఆపింది.

"నేను తియ్యొచ్చా బాబూ?"

"తియ్యండి."

ఊచ పట్టుకుని ఎత్తింది. వచ్చేసింది. సిలువ మీదుగా పోయిన రెండో ఊచ కూడా ఎత్తింది. రెండూ చేతిలో పెట్టుకుని, బరువు చూస్తున్నట్టు పైకీ కిందకీ ఆడించింది.

"ఇంతేనా ఇది?" అంది. "మా ఆయన బతికుండగా రైలెక్కలేదండీ. పోయేక రైలొచ్చి ఆయన మీదెక్కుద్దేమోనని నేను అన్నం తినలేదు."

ఎవరూ నవ్వలేదు. తరవాత ఆమే కొంచెం నవ్వింది. గుమ్మం వైపు తిరిగింది.

"సీమోనూ, గునపం తీసుకుని ఇంటికెళ్లు. ఆయన్ని పడుకోనియ్యి. కృపావతితో చెప్పు, పాస్టరుగారికి భోజనం మాత్రం వండమను. ప్రార్థన సమాధి దగ్గరే చేయిద్దాం."

"మరి నిజం లైను ఎటొస్తదండీ?" అన్నాడు సీమోను.

"అది వచ్చినప్పుడు చూద్దాం. వెళ్లు."

అతను వెళ్లాడు. మా ఆయన ఆమె చేతిలోంచి ఊచలు తీసుకుని సాపు చేసి, కొత్త చెక్క మీద నేరుగా పెట్టి చూశారు. లైను కాలవకి ఇవతలే, రోడ్డు పక్కగా వచ్చి, షాపుని దాటి, మా ఇల్లు ఉండాల్సిన చోటు మీంచి సూటిగా గోడ దాకా పోయింది. చెక్క మీద మా ఇల్లు ఇంకా లేదు కానీ ఎక్కడుండాలో ముగ్గురికీ తెలుసు. ఆయన కాస్త అటు జరిపారు. అక్కడ రైసుమిల్లు. ఇటు జరిపారు. ఇటు భీమరాజుగారి తోట, దాని పక్కన కూలీల ఇళ్లు. మళ్లీ మొదటి చోటే పెట్టి, చేతులు తీసేశారు. మా కోనసీమలో చెట్టో, ఇల్లో, ఎవరో ఒకరి సమాధో లేని నేల వేలెడు దొరకదు.

అది వట్టి సైకిలు ఊచే. నేనే పీట తీసి దారిచ్చాను. అయినా ఆ రెండు ఊచల మధ్య చోటు చూస్తుంటే నా గుండె తేలిక పడలేదు.

సత్తెమ్మగారు నా మొహం చూసింది.

"మీకూ భయం వేస్తోందాండీ?"

"వేస్తోందండీ," అన్నాను.

"ఆయ్," అంది. ఇంటికి వెళ్లకుండా నన్ను కూర్చోబెట్టి, నా పక్కన నేల మీద కూర్చుంది.