పొలానికొక్క పేరు

ఆ ఆకుకూర పాడుచేసింది మీరే. పదహారు పొలాలకు పదహారు మగ పేర్లు రాసుకుని, దాన్ని సహకార సంఘమన్నది మీరే. పేరుకొక ఓటు పంచుకుని, ఆ ఓటు జేబులో వేసుకుని ఉడతల వేటకు పోయింది మీరే. తరవాత ఎంతమంది ఎన్ని విధాల నచ్చజెప్పినా బ్లియా ఈ మాట వెనక్కి తీసుకోలేదు. నేనూ తీసుకోను.

ఆ ఆదివారం ఆమె పెదమావగారి గ్యారేజీలో నిలబడి పంది మాంసం కొడుతోంది. ఆయన మనవరాలికి జబ్బు చేసి తగ్గింది, ఆత్మను ఇంటికి పిలిచి చేతికి దారాలు కట్టే వేడుక. తెల్లారకముందు నుంచి కోడళ్లంతా గ్యారేజీలో. మగాళ్లు లోపల పొడుగు బల్ల దగ్గర. వాళ్లు తిని లేచాక ఆడవాళ్లు తినాలి, మిగిలితే. “నెంగ్ పెళ్లాం, కారం!” “నెంగ్ పెళ్లాం, గిన్నెలు!” పెళ్లయి పదకొండేళ్లు, ఆమెను బ్లియా అని పిలిచిన నోరు లేదు. లావోస్ యుద్ధంలో అడవులు పట్టి పారిపోయి అమెరికా చేరిన మా హ్మాంగుల్లో అంతే. మగాడు తండ్రి కాగానే అత్తింటివాళ్లు అతని పేరుకి ఇంకో పెద్దరికం పేరు తగిలిస్తారు. ఆడదానికి ఉన్న ఒక్కటీ ఊడిపోతుంది.

సంఘం చెడ్డదని ఆమె ఏనాడూ అనలేదు. సెయింట్ పాల్ నగరం నుంచి ముప్పావు గంట దూరంలో తలా నాలుగెకరాలు కౌలుకి చేసుకునే పదహారు కుటుంబాలు, విడివిడిగా ఉంటే కూరలు కొనడానికి ఏ బడి వాళ్ల గడప తొక్కేది? కలిశారు కాబట్టి ఉమ్మడి కోల్డ్ రూము వచ్చింది. మట్టిలో తేమ చెప్పే పుల్లలు వచ్చి నీళ్లు సగానికి సగం మిగిలాయి. డబ్బా కూరలు తినే పిల్లల పళ్లేల్లోకి ఆవాకు, పాలకూర వచ్చాయి. మంచి పని. ఆ మంచి పనికి చాకిరీ ఎవరిదో అడగండి. సంఘం లెక్కలు రాసే ఫోను యాప్‌లో పొలం పేరు నెంగ్ వాంగ్. కొట్టే బొటనవేలు బ్లియాది. ఏ మడి తడపాలో, ఏ బడికి ఎన్ని డబ్బాలో, కోల్డ్ రూము వేడి ఎంతో, పదహారు పొలాలదీ ఆమే రాస్తుంది. చంకలో పిల్ల, మునివేళ్ల మీద మట్టి, పొయ్యి మీద అన్నం. ఒక్క అంకె తప్పితే మాత్రం “చదువుకున్నదానివిగా!” అని నెంగ్ ఎత్తిపొడుపు. పాస్‌వర్డు ఏమిటో అతనికి తెలియదు. తెలుసుకోవాలనీ ఎప్పుడూ అనిపించలేదు. కానీ గది వేడెక్కితే మోగే గంట అతని ఫోనులోనే మోగుతుంది. సభ్యుడు అతను కదా!

శనివారం తెల్లారగట్ల వేటకి పోతూ నెంగ్ కోల్డ్ రూములో ఐసు, కూల్ డ్రింకులు తీసుకున్నాడు. తలుపు గొళ్లెం పడలేదు. ఏడింటికి ఫోను మోగింది. ఉడత బెదురుతుందని నొక్కేశాడు. మళ్లీ మోగితే మళ్లీ నొక్కేశాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి బ్లియా, అత్త కొత్తిమీర కట్టలు మోసుకొచ్చేసరికి తలుపు జానెడు తెరిచి ఉంది. ఫారెన్‌హీటులో నలభై ఒకటి దాటకూడని గది అరవై రెండు డిగ్రీలుంది. సోమవారం బడులకి పోవలసిన నలభై డబ్బాల ఆకు, కడిగి తరిగి పెట్టింది, ఆరు గంటలు ఆ వెచ్చదనంలో నానింది.

“ముట్టుకుని చూశాను, చల్లగానే ఉంది,” అన్నాడు నెంగ్ సాయంత్రం, ఉడతల తోలు వలుస్తూ. “కడుపులోకి పోయే పురుగు చేతికి తగులుతుందా?” అంది బ్లియా. అతను ఇంకో ఉడత అందుకున్నాడు. కబురు మాత్రం పెదనాన్నకి చేరవేశాడు.

అందుకే ఇప్పుడు లోపలికి పిలుపు. మాంసపు చేతులతోనే వెళ్లింది. కూర్చోమన్నవాడు లేడు.

“చూడు కోడలా,” అన్నాడు పెదమావగారు చాంగ్ గెర్, సంఘం అధ్యక్షుడు. “ఆ ఆరు గంటలూ తీసేయ్. నలభై అని కొట్టు.”

“అయిపోయిన వేడిని నేనెలా తీసేది?”

“అంకెలే కదా. రోజూ కొడుతూనే ఉంటావుగా!”

బల్ల చుట్టూ నవ్వులు. ఎవరో అన్నారు, “అడవిలో మూడురోజుల మాంసం తిని బతికినోళ్లం. మాకేమైంది?”

“మీకేం కాలేదు. కాందిశీకుల శిబిరంలో విరేచనాలతో పోయిన ఇద్దరు బిడ్డల్ని అత్త తన చేతులతో పూడ్చింది. ఆమెనడగండి.”

నెంగ్ తల దించుకున్నాడు. చాంగ్ గెర్ గిన్నె పక్కకి జరిపాడు. “బడివాళ్లకి తెలిస్తే ఆర్డరు పోతుంది, పదహారు ఇళ్లూ మునుగుతాయి. మరీ రాయాల్సొస్తే తలుపు ముసలావిడ మరిచిందని రాయి. పెద్దప్రాణం, ఎవరూ ఏమనరు.”

తల్లి మీద నిందేస్తుంటే నెంగ్ గిన్నెలోని అన్నం ఉండచేసుకుంటున్నాడు.

బ్లియా అతన్నే చూసింది. పదకొండేళ్లుగా ఈ మనిషి పేరు మోస్తున్నాను, అనుకుంది. ఇతను పడుకుంటే పనిచేశాను, ఇతను నొక్కేసిన గంటకి పరిగెత్తాను, ఇతని ఓటుకి మాటలు నేర్పి పంపాను. రేపు ఈ ఆకు తిని రెండో తరగతి పిల్ల మంచాన పడితే ఆ వేలు ఎవరిదంటారు? నాదంటారు. ఆ ఒక్కరోజు మాత్రం నా పేరు వెతికి మరీ రాస్తారు.

చేతులు గౌనుకి తుడుచుకుంది. గోడవారనున్న కుర్చీ లాక్కుని మగాళ్ల బల్ల దగ్గర కూర్చుంది. ఫోను తీసి నాలుగు ముక్కలు కొట్టి, తెర వాళ్లవైపు తిప్పింది.

“బడి వంటింటికి పంపేశాను. ఆకు వేడెక్కింది, రేపు రాదు, బుధవారం కొత్తకోత తెస్తామని. తలుపు తెరిచిందెవరో కూడా రాశాను.”

“మేం ఒప్పుకోందే? ఎవరి పేరు మీద రాశావు?” చాంగ్ గెర్ లేచాడు.

“మీ అబ్బాయి పేరు మీదే. నాకు ఇంకో పేరు ఇచ్చారా? ఈ రోజుతో అది చెల్లు. పొలానికి రెండు పేర్లు, రెండు ఓట్లు రాయండి. గంట పనిచేసేవాళ్ల ఫోనులో మోగాలి. అంతవరకూ పాస్‌వర్డు నా నోట రాదు. మీ అంకెలు మీరే కొట్టుకోండి.”

గ్యారేజీ గుమ్మంలో అత్త మాంసం పళ్లెంతో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో. అడుగులు లెక్కపెడుతున్నట్టు నడిచి వచ్చింది. పళ్లెం మగాళ్ల ముందు పెట్టలేదు. కోడలి ముందు పెట్టింది.

“నా పేరు యూవా,” అంది. “అది ముందు రాయి.”

తరవాత కొడుకు వైపు, బావగారి వైపు తిరిగింది.

“ఇంకా కూర్చున్నారేం? లేచి వెళ్లి ఆ నలభై డబ్బాలూ మీ చేతులతో ఎరువుగుంటలో పోసి రండి. అన్నం తరవాత.”