గాలి అంతస్తు

ఆ బిల్డింగు మధ్యలో ఒక అంతస్తును ఖాళీగా వదిలేశారు. గోడల్లేవు, గదుల్లేవు, అద్దాల్లేవు. లావుపాటి స్తంభాలూ, వాటి పక్కనుంచి పైకి పోయే మా నీళ్ల పైపులూ, అంతే. ఒకరోజు పెద్ద ఇంజనీరు కాలేజీ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి అక్కడ నిలబెట్టి చెప్పాడు. ఇంత ఎత్తున గాలి వచ్చి గోడను గుద్దితే బిల్డింగు ఊగుతుందట. అందుకని ఒక్కో అంతస్తునూ కిందిదానికంటే కాస్త పక్కకు తిప్పుతూ, తడిగుడ్డను పిండినట్టు మెలితిప్పి కట్టారట. నడుమ ఈ అంతస్తును వదిలేసి గాలికి దారి ఇచ్చారట. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. పైపులు బిగిస్తూ నేనూ విన్నాను. గొప్ప ఆలోచనే, కాదనను.

అద్దాల బాబాయ్ ఆ అంతస్తులోనే కూలబడ్డాడు.

ఆయన పై అంతస్తులో అద్దాలు బిగించే మనిషి. ఛాతీ బరువుగా ఉంది, కాస్త గాలి తగిలితే సర్దుకుంటుందని మా దగ్గరికి దిగొచ్చాడు. స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాడు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. అంత గాలిలో ఆ చెమటేమిటని నాకు భయం వేసింది. పరుగెత్తి బెల్లు నొక్కాను.

బెల్లు బోను కోసం. బిల్డింగు బయటి గోడను పట్టుకుని పైకీ కిందికీ పాకే ఇనుప పంజరాన్ని మేం బోను అంటాం. మనుషులైనా సామానైనా అందులోనే ఎక్కాలి, దిగాలి. దాన్ని నడిపే ఆమె మాకు బోనక్క.

బోను వచ్చింది. నిండా అద్దాలు. చెక్క చట్రాల్లో నిలబెట్టి తాళ్లతో కట్టారు. పక్కనే కాపలాగా అద్దాల సూపర్‌వైజరు. బోనక్క గేటు తీసి బాబాయ్‌ని చూసింది.

"ఇవి ఇక్కడ దింపేద్దాం సార్. ఆయన్ని కింద దించొచ్చి మళ్లీ ఎక్కించుకుందాం," అంది.

"కుదరదు. ఇవి పై అంతస్తువి. మెలిక బిల్డింగమ్మా ఇది, ఏ అద్దం కొలత దానిదే. ఒక్కటి పగిలిందా, మళ్లీ చేయించి తెప్పించేదాకా అందరం చేతులు ముడుచుక్కూర్చోవాలి."

ఆమె వాకీటాకీలో ఇన్‌చార్జిని అడిగింది. ఆయన గొంతు మా అందరికీ వినిపించింది.

"గాలి ఇంకా పెరగకముందే అద్దాలు పైకి చేరాలి. ముందు గ్లాసు, తర్వాతే మనిషి. అతన్ని పడుకోబెట్టి నీళ్లు పట్టమను."

బోనక్క మీట మీద చెయ్యి వేయలేదు. సూపర్‌వైజరే గేటు లాగేసి, ఆమెను పక్కకు నెట్టి మీట తిప్పాడు. బోను పైకి పోయింది. జాలీ వెనక ఆమె మొహం మాకేసే ఉంది.

నేనూ, నా జోడీ పైపులతనూ బాబాయ్‌ని చెరో పక్కా ఎత్తిపట్టుకుని మెట్ల దారి పట్టాం. రెండు మలుపులు దిగామో లేదో, దారి మూసుకుపోయింది. సెంట్రింగు చెక్కలు, ఇనుప చువ్వలు, సిమెంటు బస్తాలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. బోను ఉండగా మెట్లు ఎవరిక్కావాలని కంపెనీ మెట్లను గోడౌను చేసేసింది. ఒక్క మనిషి ఒళ్లు కుదించుకుని పక్కగా దూరొచ్చేమో. ముగ్గురం ఎలా దూరతాం?

బాబాయ్ కళ్లు మూసుకునే అడిగాడు, "కిందికొచ్చేశామా అబ్బాయ్?"

"వచ్చేశాం బాబాయ్," అన్నాను.

ఆయన తల నా భుజం మీదికి వాలింది. ఇక ఎత్తలేదు.

ఆయన్ని మళ్లీ గాలి అంతస్తుకు మోసుకొచ్చాం. అద్దాలన్నీ పైకి చేరాకే ఆయన కోసం బోను వచ్చింది. ఆయన్ని పడుకోబెట్టి పక్కన నేను కూర్చున్నాను. సగం దూరం దిగాక బోనక్క మీటకు పైన వేలు చూపించింది. జాలీకి తీగతో కట్టిన చిన్న అద్దం ముక్క, అంచులు నున్నగా అరగదీసి ఉంది.

"ఆయనే కట్టాడు," అంది. "రోజంతా జనంలోనే ఉంటానా, ఎక్కినవాళ్లు నా వీపు చూస్తారు, నేను గేటు చూస్తాను. అంతస్తు నంబరు తప్ప ఇంకో మాటుండదు. ఇంటికెళ్తే అమ్మకు చెవులు వినపడవు. ఒకసారి ఈయనతో అన్నాను ఆ మాట. మర్నాడు ఇది తెచ్చి కట్టి, ఎవరెక్కారో మొహాలు చూసుకో తల్లీ అన్నాడు."

ఒక్కో అంతస్తూ మా పక్కనుంచి పైకి పోయింది. ఒకచోట వెల్డింగు వెలుగు, ఒకచోట ఎవరిదో దగ్గు. ఎవరికీ ఏమీ తెలియదు. ఆ బిల్డింగు పద్ధతే అంత. నాలుగు అంతస్తుల అవతల పనిచేసేవాడు పరాయి ఊరివాడితో సమానం.

సైటు గేటు దగ్గర, కబురందుకుని వచ్చిన బాబాయ్ కూతురు నిలబడి ఉంది. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని. జుట్టుకు దారప్పోగులు అలాగే ఉన్నాయి. పాత గుండె జబ్బుందని, దాచిపెట్టి పనిలో చేరాడని ఇన్‌చార్జి ఆమెకు చెబుతున్నాడు. ఆమె ఆయన మాట వినడం లేదు.

"చివర్లో పక్కన ఎవరున్నారు?" అని అడిగింది.

"నేనున్నానమ్మా."

"ఏమన్నా మాట్లాడాడా?"

చెప్పాను. నేనిచ్చిన జవాబు కూడా చెప్పాను. ఆమె తల ఊపి, తండ్రి చొక్కా బొత్తాం సరిగా పెట్టి, ఆయన్ని తీసుకెళ్లే బండెక్కింది.

ఆ సాయంత్రం రేకుల షెడ్ల ముందు, నీళ్ల ట్యాంకు దగ్గర కూడాం. కూడామే గానీ, ఎవరి గుంపు వాళ్లది. అందరం కలిసి అడుగుదామంటే ఇనుం మేస్త్రీ ముందే అడ్డం తిరిగాడు.

"అద్దాల వాళ్లు ఏనాడైనా మా పక్కన కూర్చుని ముద్ద తిన్నారా? మా చేతులకు తుప్పంటుకుందని దూరం జరిగినోళ్లేగా. ఇప్పుడు మేం కావాల్సొచ్చామా?"

"అవతల మనిషి పోతే నీకు ముద్ద గుర్తొచ్చిందా?" అంది సిమెంటు పని వదిన. "పోయినేడు మీవాడు కాలు విరగ్గొట్టుకున్నప్పుడు బోను కోసం ఎంతసేపు అరిచాడో నీకు తెలీదూ?"

"తెలుసు. అప్పుడు వీళ్లెవరన్నా వచ్చారా?"

"మాకు తెలిస్తేగా రావడానికి," అన్నాడు అద్దాల కుర్రాడొకడు, తల దించుకుని.

వెనకనుంచి బోనక్క ముందుకొచ్చింది. ఆమె షెడ్ల దగ్గరికి రావడం అదే మొదలు.

"నాకు తెలుసు," అంది. "మీ అందరి సంగతీ నాకు తెలుసు. కాలు విరిగినోణ్ని, కళ్లు తిరిగి పడ్డదాన్ని, బాబాయ్‌ని, అందర్నీ నేనే దించాను. అందర్నీ సామాను తర్వాతే దించాను. మీలో ఒకరి సంగతి ఒకరికి తెలీదు. బోను పాడైతే, పైన మంటలు లేస్తే, మీరందరూ ఆ బస్తాల వెనకే ఉండిపోతారు."

"గాలికి దారి పెట్టారు," అన్నాడు ఇనుం మేస్త్రీ చివరికి. "మనిషికి పెట్టలేదు."

పని మానేద్దామన్నారు కొందరు. మానేస్తే గేటు బయట పెట్టి కొత్తవాళ్లను దింపుతారన్నారు ఇంకొందరు. వాదన చాలాసేపు నడిచింది. సిమెంటు పని వదిన లేచింది.

"బయటికెందుకు పోవాలి? లోపలుండే చేద్దాం. మెట్లు మనమే ఖాళీ చేద్దాం. వాళ్లు చెప్పిన పని కాదు, మనక్కావాల్సిన పని. అది అయ్యేదాకా ఇంకో పని ముట్టుకోవద్దు."

"అన్ని అంతస్తులకీ ఎవరు చెప్తారు?"

"నేను," అంది బోనక్క.

తెల్లారి ఆమె మామూలుగానే మీట దగ్గర నిలబడింది. ఒక్కో గుంపూ ఎక్కినప్పుడల్లా, వెనక్కి తిరగకుండా, అద్దం ముక్కలో కనబడే మొహాలతో నెమ్మదిగా అంది: "హారన్ ఆగకుండా మోగితే మెట్ల మీదికి రండి." కొందరు అర్థం కానట్టు చూశారు. కొందరు ఆమె భుజం తట్టి దిగారు. ఆఖరి గుంపును దించాక బోనును గాలి అంతస్తు దగ్గర ఆపి హారన్ నొక్కి పట్టుకుంది.

మొదట ఏమీ జరగలేదు. గాలి చప్పుడే. ఆ కాసేపూ మేం కొద్దిమందిమే మిగిలిపోయామేమో అనిపించింది. అప్పుడు పైన ఎక్కడో చెక్కలు కదిలిన మోత. తర్వాత కింద. తర్వాత అన్నివైపులా. బస్తాలు చేతులు మారాయి. చువ్వలను నలుగురేసి భుజాన వేసుకుని ఎక్కడికక్కడ అంతస్తుల్లోకి చేర్చాం. ఒక గుట్ట తీస్తే అవతల వేరే మొహాలు కనబడ్డాయి. దుమ్ము కొట్టుకుపోయి, ఒకరినొకరు చూసుకుని ఏమనాలో తెలియక, "మీరే అంతస్తు?" అని అడిగాం. ఏళ్ల తరబడి ఒకే బిల్డింగులో ఉన్నవాళ్లం. అద్దాల కుర్రాడికి ఇనుం మేస్త్రీ తన తలగుడ్డ విప్పి ఇచ్చాడు, ముక్కుకు కట్టుకొమ్మని.

లౌడుస్పీకరులో ఇన్‌చార్జి అరిచాడు. ఎవరి పనుల్లోకి వాళ్లు వెళ్లకపోతే పోలీసుల్ని పిలుస్తానన్నాడు. పిలిచాడు కూడా.

బోనక్క బోను ఆపేసి తాళంచెవి తీసుకుంది. గేటు దాటి గాలి అంతస్తులో కాలు పెట్టి, ఒక్క క్షణం ఆగింది.

"ఇన్నేళ్లలో ఒక్క అంతస్తులోనూ దిగలేదు నేను," అంది నాతో.

పోలీసులొచ్చారని తెలిసి, ఎక్కడి పని అక్కడ వదిలి, పైవాళ్లు మిగిలిన గుట్టల పక్కగా ఒక్కొక్కరే దూరి, అందరం కలిసి మెట్ల మీదుగా దిగాం. ప్రతి మలుపులోనూ జనం కలిశారు. కిందికొచ్చేసరికి ముందెవరో వెనకెవరో తెలియలేదు. ఇన్‌చార్జి తాళంచెవి ఇమ్మన్నాడు.

"మనిషి పడిపోతే ముందు మనిషినే దించుతామని అందరి ముందూ చెప్పండి. ఇస్తాను," అంది బోనక్క.

ఆయన ఇనస్పెక్టరు వైపు తిరిగాడు. కంపెనీ యంత్రాన్ని ఆపిందని కేసు. ఆమె చెయ్యి పట్టి వ్యాను వైపు లాగుతూ ఇనస్పెక్టరు, "రేపు కోర్టులో బోనెక్కుదువుగాని పద," అన్నాడు.

"బోనెక్కడం నాకు కొత్తేం కాదు సార్," అంది ఆమె.

వ్యాను వెనకే నడిచాం. పక్క బిల్డింగు కట్టేవాళ్లు కొందరు పని వదిలి దారిలో మాతో కలిశారు. వాళ్ల మెట్ల మీదా బస్తాలే ఉన్నాయట. స్టేషన్లో ఆమెను ఆడవాళ్ల గదిలో ఒక్కదాన్నే కూర్చోబెట్టారు. కాసేపటికి నన్నొక్కణ్ని చూడనిచ్చారు. గదిలో ఒక బల్ల, ఎత్తున ఒక కిటికీ. ఆమె మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుని ఉంది.

"మెట్లు మొత్తం ఖాళీ అయ్యాయా?" అని అడిగింది.

"పైన కొన్ని అంతస్తులు మిగిలాయక్కా. నీ వెనకే వచ్చేశాం."

"ఇక్కడ నిలబడి ఏం చేస్తారు?"

"నిన్నొక్కదాన్నే వదిలి ఎలా పోతాం?"

"ఒక్కదాన్నే ఉన్నది అప్పుడు, బోనులో," అంది. "పోయి ఆ మిగిలినవి తియ్యండి. అమ్మకు ఎవరన్నా కనబడి, చేతులతో సైగ చేసి చెప్పండి, బాగానే ఉన్నానని."

సిమెంటు పని వదిన వాళ్లమ్మ దగ్గరికి వెళ్లింది. సగంమంది స్టేషను ముందే నేల మీద కూర్చున్నారు. మిగిలిన సగంమందిమి, పక్క బిల్డింగువాళ్లతో కలిసి సైటుకు నడిచాం. గేటుకు కొత్త తాళం. దాని వెనక లాఠీలతో పోలీసులు, వాళ్ల వెనక ఇన్‌చార్జి.

ఇనుం మేస్త్రీ ఊచలు పట్టుకుని లోపలికి చూశాడు.

"తాళం తియ్యండి," అన్నాడు. "మెట్ల మీద మా పని మిగిలిపోయింది."