ముందు సీటు స్టానిస్లాసు

చింతపల్లి ఆఫీసు క్వార్టర్సులో మా రాజ్యమల్లా ఒక జీపు. సింహాసనం డ్రైవరు పక్క సీటు. ప్రతి శనివారం ఆ జీపు ఆడవాళ్లను ఎక్కించుకుని ఘాటీ దిగి నర్సీపట్నం వెళ్తుంది. వెనక కూర్చుంటే మూడో మలుపుకే నా పొద్దుటి ఇడ్లీ బయటికొస్తుంది.

నిరుడు అలాగే దిగి, విశాఖ బస్సెక్కి, తిరుగుతున్న తలతో ఎం.ఏ. చరిత్ర పరీక్షకు కూర్చుని, సగం పేపరు తెల్లగా ఇచ్చి వచ్చాను. ఈ ఏడు, డెబ్భై నాలుగులో, మళ్లీ పరీక్షకు కట్టాను. "ఇదే ఆఖరుసారి" అన్నారు మా ఆయన, రాసేది తనే అయినట్టు.

ముందు సీటు పెద్దాఫీసరుగారి భార్య రత్నాలుగారిది. ఆవిడకు కడుపు తిప్పదు. దారిలో నమస్కారాలు పెట్టేవాళ్లకు తల ఊపాలి, అంతే.

నా పుస్తకంలో పోలెండు రాజు స్టానిస్లాస్ ఉన్నాడు. అక్కడ రాజును ఎన్నుకుంటారు. 1733లో వార్సా దగ్గర మైదానంలో వేలమంది ప్రభువులు చేరి ఇతనే రాజన్నారు. చిక్కుళ్లు ఒలుస్తూ ఈ సంగతి పక్కింటి లూర్దమ్మ టీచరుకు చెప్పాను.

"ముందు సీటుకు మనమూ ఓట్లేద్దాం. నువ్వు వెనక కూర్చుంటే తడిసేది నా చీరే కదా!" అంది.

జీపెక్కే ఆడవాళ్ల ఏడు ఓట్లలో ఆరు నాకొచ్చాయి. ఏడోది ఎవరిదో అడగక్కర్లేదు.

పుస్తకంలో పేజీ తిప్పితే రష్యా సైన్యం వచ్చింది. దాని అండన కొద్దిమంది చేరి ఇంకొకాయన్ని రాజన్నారు. మా ఇంటికి పెద్దాఫీసరుగారే వచ్చారు.

"మీ ఎన్నికంటే నాకెంతో గౌరవమమ్మా. ముందు సీటు మీదేనని కాగితం రాసి నోటీసు బోర్డుకు అంటిస్తాను. కూర్చోవడం మాత్రం మా ఆవిడ కూర్చుంటుంది. డ్రైవరుకు చెప్పేశాను."

"అలాగే సార్" అన్నారు మా ఆయన.

స్టానిస్లాస్ రైతు వేషంలో పారిపోయాడు. పరీక్ష ముందటి శనివారం నేను పాత నేతచీర కట్టుకుని, పుస్తకాల సంచి చంకన పెట్టుకుని, సంత దగ్గర షేరు జీపు వెతుక్కున్నాను. మిరియాల బస్తాలెన్నో మనుషులెందరో తేలని జీపు అది. డ్రైవరు అప్పలస్వామి నా మొహం చూశాడు.

"ఏటమ్మా, కక్కుతారా?"

"కక్కుతాను."

"అయితే ముందల కూకోండి. కక్కేవోలు ముందల, కక్కనోలు యెనక. ఒరే సుక్రూ, బేగి యెనక్కెల్లరా, అమ్మగోరు కక్కుతారట!"

ఓట్లు లేవు, కాగితం లేదు. ముందు కూర్చున్న సుక్రు తన మిరియాల సంచితో నవ్వుతూ దిగి వెనక్కి వెళ్లాడు.

నాలుగో మలుపులో ఆఫీసు జీపు మమ్మల్ని దాటింది. రత్నాలుగారు అలవాటుగా తల ఊపారు. నేనూ ముందు సీటులోంచి ఊపాను. ఆవిడ తల ఊపడం సగంలో ఆగింది.

సోమవారం పరీక్ష పేపర్లో ప్రశ్న: ఎన్నికైన స్టానిస్లాస్ సింహాసనం ఎందుకు పోగొట్టుకున్నాడు? తేటగా ఉన్న తలతో నాలుగు పేజీలు రాశాను. సారాంశం ఒక్కటే. ఓట్లు తక్కువై కాదు, డ్రైవరు అతని మాట వినేవాడు కాదు.

ఫ్రాన్సు రాజు అతని అల్లుడు గనుక చివరికి ఒక చిన్న సంస్థానం దక్కింది. రాజు అన్న పేరూ మిగిలింది. నాకు అల్లుడు లేడు. ఎం.ఏ. మాత్రం వచ్చింది. నోటీసు బోర్డు మీద ముందు సీటు ఇప్పటికీ నాదే.