బార్నబీ కొండ మీద ఫర్ తెర

"వెండెల్! కొరీన్!" కింద రోడ్డు మీంచి హాలిస్ కేక వినిపించింది.

"వచ్చేశారన్నయ్యా! ఇంకాస్త ఓర్చుకో," అంటూ కొరీన్ అన్న బుగ్గలు గబగబా రుద్దింది.

వెండెల్ నడుము దాకా మంచులో కూరుకుపోయి ఉన్నాడు. స్కీల మీద జారుతూ వస్తుంటే, మంచు కప్పేసిన పిల్ల ఫర్ చెట్టు చుట్టూ ఉన్న గుల్ల గొయ్యి అతన్ని అమాంతం మింగేసింది. తొడ ఎముక విరిగింది. పైకి లాగబోతే ప్రాణం పోయేలా అరుస్తున్నాడు. ఫోను సంగతి చెప్పనే అక్కర్లేదు, ఈ కొండ వెనక అది ఉన్నా లేనట్టే. మధ్యాహ్నానికి ఇల్లు చేరకపోతే, కొండ మీద తప్పిపోయినవాళ్లను వెతికే జట్టు పెద్ద హాలిస్‌కి కబురు పెట్టమని అమ్మతో చెప్పి రావడం ఒక్కటే వాళ్లు చేసిన మంచి పని.

"అరవకే తల్లీ. కాలు పోయింది చాలదా, చెవులు కూడా పోవాలా?" అన్నాడు వెండెల్. నవ్వబోయాడు గానీ పెదవులు కదల్లేదు.

బార్నబీ కొండ మీద స్కీ ఆటలు మూతపడింది వాళ్ల చిన్నప్పుడు. లిఫ్టు తీగలు తుప్పుపట్టాయి, జారుడు దారులన్నీ అడవిలో కలిసిపోయాయి. ఈ ఒక్కదాన్ని మాత్రం అన్నాచెల్లెళ్లు ఏటా ఆకురాలే కాలంలో దొంగచాటుగా వచ్చి, రంపాలతో మొక్కలు కోసి బతికించుకున్నారు. ఆ చుట్టుపక్కల ఇలాంటి దొంగదారులు చాలామందికి ఉన్నాయి. దారి మొదట్లోనూ చివర్లోనూ మాత్రం ఎవరూ రంపం పెట్టరు. అక్కడ చెట్లు తెర కట్టినట్టు గుబురుగా ఉండాలి, పరాయివాడికి వట్టి అడవే కనిపించాలి.

కేకలు చెట్ల అవతలే ఆగాయి. కొరీన్ గొంతు చించుకుంది. ఎదురుగాలి ఆ అరుపుని వెనక్కి తోసేసింది. ఇదిగో, ఇప్పుడే వచ్చేస్తారనుకుంటూ అన్నను వాటేసుకుని కూర్చుంది. కాసేపటికి కేకలు దూరమయ్యాయి.

తెర! పాడు తెర! అక్కడ దారి ఉందని వాళ్లకి ఏ దేవుడొచ్చి చెబుతాడు?

"నేను వెళ్లి పిలుచుకొస్తా. నిద్రపోయావంటే చంపేస్తా!"

"చెట్లు మాత్రం కొట్టకే. రేపు ఊరంతా ఎగబడుతుంది."

"నోర్ముయ్!" ఏడుస్తూనే తిట్టి కిందికి జారింది.

గుబురులో మొహం చీరుకుపోయింది. రోడ్డు మీద వాళ్ల స్కీ జాడలు సరిగ్గా చెట్ల దాకా వచ్చి, అక్కడక్కడే తిరిగి, వెనక్కి మళ్లాయి. ఆ జాడల వెంటే పడి మలుపు అవతల హాలిస్‌ని పట్టుకుంది. అందరూ పరుగున వచ్చారు గానీ మనిషిని మోసే బండి ఆ చెట్ల మధ్య దూరలేదు. ఆమె సంచిలోంచి రంపం తీసింది. ఎంత కోసినా ఇంకో చెట్టు అడ్డు.

వాళ్లు చేరేసరికి వెండెల్ తల గుండెల మీదికి వాలిపోయి ఉంది. హాలిస్ అతని మెడ మీద వేళ్లు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత తన టోపీ తీసేశాడు.

"అక్కడే నిలబడి పిలిచాం కదమ్మా," అన్నాడు. "అడవే అనుకున్నాం."

కొరీన్ రంపం పట్టుకుని కిందికి దిగిపోయింది. మిగిలిన చెట్లను ఒక్కొక్కటే కోయడం మొదలుపెట్టింది. ఎవరో ఆపబోతే హాలిస్ వద్దన్నాడు.

"ఇటే బాబాయ్, ఇటు రండి, దారి ఇటే," అంటోంది కొరీన్, ఎవరూ లేని రోడ్డు వైపు చూస్తూ.