తీసేసిన వాటి జాబితా

పెళ్లయి పందొమ్మిది రోజులు. ఇద్దరం కలిసి మొదటిసారి సముద్రం చూడ్డానికి ఆరింటి రైలెక్కాలి. సరిగ్గా ఆ రోజే మా ఆసుపత్రి సర్వర్లో దాన్ని నడిపించే లైనక్స్ కొత్త వెర్షన్ ఎక్కించమన్నాడు మా పై అధికారి అరగంట సారు. ఏ పని చెప్పినా అరగంటే అంటాడు, అందుకే ఆయనకా పేరు.

కొత్త వెర్షన్లో ఏమేం మారాయో చెప్పే పత్రం వంద పేజీల పైమాటే. కొత్తగా వచ్చినవన్నీ పెళ్లి కానుకలు విప్పుతున్నంత సంబరంగా చదివాను. తీసేసిన వాటి జాబితా మాత్రం రైల్లో చదువుకోవచ్చులే అనుకున్నాను.

మూడింటికి సర్వరు మళ్లీ లేచింది. లేచిందే గానీ ఎవరితోనూ మాట్లాడదు. ల్యాబు రిపోర్టులు వార్డులకు చేరడం లేదు. పరుగున కింది గదికి వెళ్లి, మానిటర్ తగిలించి చూశాను. నెట్‌వర్క్ సెట్టింగులు దాచుకున్న పాత పద్ధతి ఫైళ్లను కొత్తది చదవనే చదవదట. వాటిని మార్చే కమాండు ఒకటుందట. దాన్ని పాత వెర్షన్ ఉండగానే కొట్టాలట! ఇదంతా తెలుసుకునేసరికి ఐదయింది. తీరా చూస్తే తీసేసిన వాటి జాబితాలో, మొదటి పేజీలోనే ఉంది. చేతులు కాలాయి, ఆకులేమో ఆ పేజీలో ఉన్నాయి. ఇక నాలుగు నెట్‌వర్క్ కార్డుల వివరాలూ చేత్తో కొట్టుకోవాల్సిందే.

ఐదుంబావుకి మావారు సూట్‌కేసుతో దిగారు. ఆయన రేడియోలో వార్తలు చదువుతారు. పాత ఫైళ్లను ఆయన ఫోనులో ఫొటో తీసి, పైకి చదవమని చేతికిచ్చాను. ఆయన సూట్‌కేసు మీద కూర్చుని గొంతు సవరించుకున్నారు.

"నూట తొంభై రెండు... చుక్క... నూట అరవై ఎనిమిది..."

"ఏవండీ, అవి ఎన్నికల ఫలితాలు కావు! త్వరగా!"

"అంకెలకి కాస్త మర్యాద ఇవ్వాలోయ్."

ఒళ్లు మండింది. పాడు నవ్వు కూడా వచ్చింది.

ఐదూ నలభైకి మూడు కార్డులు పనిచేశాయి, వాటి వార్డులకి రిపోర్టులు వెళ్లాయి. స్టేషను పది నిమిషాల దూరం. అరగంట సారు తొంగిచూశాడు.

"నాలుగోది రేపు నేను చూస్తాలే అమ్మాయ్, అరగంట పని. వెళ్లండి, వెళ్లండి."

నేను బ్యాగు భుజాన వేసుకున్నాను కూడా.

"ఆ నాలుగోది ఎవరిది?" అడిగారు మావారు.

"పిల్లల వార్డుది."

ఆయన మళ్లీ సూట్‌కేసు మీద కూర్చున్నారు. ఈసారి అంకెలు గబగబా వచ్చిపడ్డాయి. హడావుడిలో నేనే ఒక అంకె తప్పు కొట్టి మళ్లీ మొదటికొచ్చాను. ఆరూ పదికి ఆకుపచ్చ దీపం మినుకుమంది. వెంటనే పిల్లల వార్డు నర్సు ఫోను.

"రిపోర్టులు ఇప్పుడొచ్చాయి! ఇంతసేపూ ఏం చేస్తున్నారమ్మా అక్కడ?" అని కసిరి పెట్టేసింది.

మెట్ల మీద అరగంట సారు ఎదురయ్యాడు. "ఇంకా ఉన్నారా? రైలెలాగూ పోయిందిగా అమ్మాయ్, మన రెండో సర్వర్లో కూడా కొత్తది ఎక్కించేస్తే..."

"మాకు బస్సుంది సార్" అంటూ మావారు నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు.

వీధిలోకొచ్చాక అడిగాను. "ఏ బస్సండీ?"

"ఏమో! సముద్రం వైపు ఏదో ఒకటి ఉండకపోదుగా."

పరిగెడుతూనే సారుకి మెసేజ్ పెట్టాను: 'నేనొచ్చేదాకా రెండోదాన్ని ముట్టుకోకండి. అరగంట కూడా.'