గుడ్లగూబ మెడ

...కాదు, ఆ నవ్వు గిచోల్‌దే. మొదట గట్టిగా, చివర్లో దగ్గులాగా. ఏళ్ల తరబడి ఒకే ఫుట్‌బాల్ జట్టులో ఆడి, వసతిగృహంలో ఒకే గదిలో పడుకున్నవాడి నవ్వును గోడ అవతలి నుంచి పోల్చుకోలేడా ప్యో జున్‌సిక్? పైగా అది గోడ కూడా కాదు, కాగితం అంటించిన జారుడు తలుపు.

చెంచా సూపులోనే ఆగిపోయింది. ముఖో రేవులోని ఈ హోటలుకి అతను మధ్యాహ్నాలు ఒంటరిగా వస్తాడు. బయట బల్లల దగ్గరైతే బూట్లు విప్పక్కర్లేదు. లోపలి గదుల్లో నేలమీద కూర్చోవాలి, బూట్లు గడప ముందే విప్పాలి. ఆ గది గడప ముందు మూడు జతలున్నాయి. రెండు జతలు నల్లటి తోలు బూట్లు, వాటిలో మడమ అరిగినవి క్లబ్బు మేనేజరు ఓక్‌వి, రెండోవి నగరపాలక సంస్థ మనిషివై ఉండాలి. మూడో జతకి మైదానం మట్టి అంటి ఉంది. అవి మెంగ్ గిచోల్‌వి. తన సహాయ కోచ్‌వి.

జట్టు ఊరిది, డబ్బు నగరపాలక సంస్థది, ఓటమి మాత్రం కోచ్‌ది. వసంతం మొదలైన దగ్గర్నుంచి గెలుపన్నది లేదు. ఇలాంటప్పుడు ఏం జరుగుతుందో జున్‌సిక్‌కి తెలుసు. ఒకరోజు ప్రధాన కోచ్ చేతిలో పూలగుత్తి పెట్టి పంపేస్తారు. మర్నాడు సహాయకుడు తాత్కాలిక కోచ్‌గా మెళ్లో ఈల వేసుకుని వస్తాడు. నమ్మకమైనవాడైతే ఆ రోజే తనూ రాజీనామా ఇస్తాడు. అలాంటివాళ్ల గురించి జున్‌సిక్ విన్నాడు, చూడలేదు.

ఉద్యోగం పోతే పోనీ. ఎక్కడో ఏదో పాఠశాల జట్టు దొరుకుతుంది. గిచోల్ పోతే? అతని బతుకులో ఇంకెవరూ మిగల్లేదు.

బూట్ల ముక్కులు బయటివైపు తిరిగి ఉన్నాయి. మూడు జతలవీ. వెళ్లేటప్పుడు సుఖంగా కాళ్లు దూర్చుకోవాలని పెద్దవాళ్లకు చిన్నవాళ్లు చేసే మర్యాద అది. గిచోల్ ఎక్కడ విప్పితే అక్కడే వదిలేసే రకం. అంటే ఆ నగరపాలక సంస్థ మనిషే వంగి తిప్పి ఉండాలి. సహాయ కోచ్ బూట్లు ఎవరు తిప్పుతారు? రేపటి కోచ్‌వైతే తిప్పుతారు.

అతని జీవితమంతా ఇదే పని. మైదానం నడిమధ్య ఆడేవాడు బంతి కాలికి చేరకముందే భుజం మీదుగా వెనక్కి చూడాలి, ఎవడు మీదికొస్తున్నాడో, ఎటు నుంచో. జున్‌సిక్ అందరికన్నా ఎక్కువ చూసేవాడు. అభిమానులు గుడ్లగూబ అని పేరు పెట్టారు. దేశం తరఫున ఆడినప్పుడూ అదే పిలుపు. పరుగులో వేగం లేదు, తన్నులో బలం లేదు. ఉన్నదల్లా అనుమానం. దాంతోనే అన్నం తిన్నాడు. ఆట మానేశాడు గానీ మెడ మానలేదు. లిఫ్టులో, క్షౌరశాల అద్దంలో, భార్య ఫోన్లో మాట్లాడుతుంటే. "నేనేదో నీ వెనక నుంచి బంతి లాక్కోవడానికి వస్తున్నట్టు చూస్తావు," అని చెప్పి ఆమె వెళ్లిపోయింది.

వెనక్కి చూడకుండా అతను బంతి అందుకున్నది ఒక్కడి మాట మీదే. వెనక వరసలోంచి గిచోల్ "ఖాళీ!" అని అరిస్తే చాలు, మెడ తిరిగేది కాదు.

పక్క గదిలోకి ఇద్దరు జాలర్లు వెళ్లారు. హోటలావిడ గిన్నెల పళ్లెం మోసుకుపోతూ, వాళ్ల రబ్బరు బూట్లను వంగకుండానే కాలివేళ్లతో బయటివైపు తిప్పేసింది.

"పిన్నీ, అందరివీ నువ్వే తిప్పుతావా?"

"తిప్పకపోతే ఒకడివి ఒకడు వేసుకుపోడూ? మీ వాళ్లకి గోలు కనబడనట్టే తాగినోళ్లకి బూట్లు కనబడవు, కోచ్ గారూ."

సాక్ష్యం కూలిపోయింది. అయినా మనసు తేలికపడలేదు. చేతిలోది ఎవరో లాక్కున్నట్టనిపించింది. వెంటనే ఇంకోటి వెతుక్కున్నాడు. మరి ఆ నవ్వు?

తలుపు జరిగింది. సిగరెట్టు పెట్టె పట్టుకుని గిచోల్ బయటికొచ్చాడు. అతన్ని చూసి, బూట్ల మడమలు తొక్కుకుంటూనే వచ్చి ఎదురుగా కూలబడ్డాడు.

"అన్నా! ఎప్పుడొచ్చావ్?"

"నువ్వు నవ్వకముందే."

గిచోల్ మొహం ఎర్రగా ఉంది. తాగిన సోజు సారా వల్లో, ఇంకెందువల్లో.

"సరే, దాచి లాభం లేదు. జట్టు తీసుకోమన్నారు."

"శుభం. ఎప్పట్నుంచి?"

"ఎత్తిపొడవకు. నువ్వు పోతే నేనూ పోతానని చెప్పా."

"ఆ మాట చెప్పి నవ్వావా?"

"ముందు నవ్వింది ఓక్ గారు. మీరిద్దరూ మొగుడూ పెళ్లాలా అన్నాడు. పెద్దమనిషి జోకు, నవ్వక ఏం చేస్తాం?"

"పొద్దున నాతోనే కాఫీ తాగావు. ఈ భోజనం సంగతి చెప్పలేదు."

"చెప్తే నువ్వు సాధన చేయించేవాడివా? నీ మెడ సంగతి నాకు తెలీదా?"

జవాబు చక్కగా కుదిరింది. కుదిరిన జవాబంటేనే జున్‌సిక్‌కి భయం.

"లోపలికి రా అన్నా. అదే మాట నీ ముందు మళ్లీ అంటా, వాళ్ల మొహం మీదే."

తను రాడని తెలిసే పిలుస్తున్నాడేమో. పిలవకపోతే దొంగ, పిలిస్తే నటుడు. తన బుర్రలో గిచోల్ నిర్దోషిగా నిలబడడానికి అంగుళం చోటు కూడా లేదని జున్‌సిక్‌కి అప్పుడు తెలిసింది. ఆ చోటు ఎప్పుడు పోయిందో గుర్తు రాలేదు.

"రాకపోతే?"

"రాకపోతే నేనొక్కణ్నే వెళ్లి చెప్తా. నువ్వు నమ్మవు. ఇక్కడే కూర్చుని సూపు చల్లార్చుకుంటావు." గిచోల్ సిగరెట్టు వెలిగించకుండానే పెట్టెలో దోపేశాడు. "నీ వెనకాల నిలబడి అరిచి అరిచి గొంతు పోయింది అన్నా. ఇంక నా వల్ల కాదు."

లేచి వెళ్లి, బూట్లు విప్పడానికి గది గడప మీద కూర్చున్నాడు. లోపల్నుంచి ఓక్ గొంతు, "మెంగ్ కోచ్, ఎక్కడున్నావయ్యా?" అని. మరీ తియ్యగా ఉంది ఆ పిలుపు. జున్‌సిక్ చెవులు మళ్లీ నిక్కబొడుచుకున్నాయి. సహాయకుణ్ని ఇంత తియ్యగా ఎవరు పిలుస్తారు?

దానికి జవాబు వెతుకుతూనే అతను లేచాడు. వెళ్లి గడప మీద గిచోల్ పక్కన కూర్చుని, వంగి, తన బూటు లేసు ముడి విప్పాడు.